మన నగరాన్ని మనం చూసినామా?

ప్రతి సంవత్సరమూ శీతకాలం ప్రవేశించగానే మన కళాశాల ఆవరణలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఈసారి విహారయాత్రకు ఎక్కడికి? ఒకరు ఊటీ అంటారు, ఒకరు గోవా అంటారు, చరిత్ర శాఖవారు హంపి అంటారు, ఎవరో ఒకరు కాశ్మీరం అని నిట్టూరుస్తారు. వారం రోజులపాటు ఈ వాదోపవాదాలు ఎంతో ఉత్సాహంగా సాగుతవి. తరువాత నోటీసు బోర్డు మీద తలకు చెల్లించవలసిన రుసుము కనిపిస్తుంది. ఆనాటి నుండి ఉత్సాహం సగమవుతుంది. చెల్లించగలిగినవారు పేర్లు ఇస్తారు. తక్కినవారు "ఇంట్లో పెళ్ళి ఉన్నది" అంటారు, "అమ్మకు ఒంట్లో బాగా లేదు" అంటారు. ఒకే విద్యార్థి ఇంట మూడు డిసెంబరులలో మూడు పెళ్ళిళ్ళు జరగటం నేను ఎరుగుదును. అతడు అబద్ధమాడినాడని నేను నింద వేయను. ఆ అబద్ధం ఆడవలసిన అవసరాన్ని అతనికి మనమే కల్పించినాము.

విహారయాత్రలు వద్దని వాదించటానికి నేను ఈ వ్యాసం వ్రాయటం లేదు. సముద్రాన్ని చూడని కుర్రవానికి సముద్రం చూడాలని ఉండటం సహజం. నేను కోరేది ఒక్కటే. దూరదేశపు యాత్ర కోసం మనం ఏటా చూపే శ్రద్ధలో నాలుగవ వంతు మన సొంత నగరానికి చూపవలసి ఉన్నది. అది కూడా ఉర్దూ మాధ్యమంవారు ఒక బస్సులో, తెలుగు మాధ్యమంవారు మరొక బస్సులో కాకుండా, అందరూ కలిసి. ఇది కేవలం డబ్బు మిగుల్చుకొనే ఉపాయమని కళాశాల కమిటీ పెద్దలు భావించవద్దని మనవి. డబ్బు మిగిలితే మంచిదే, కాని నా వాదానికి అసలు కారణం వేరు.

మూడేళ్ళ క్రిందట చెన్నపట్నం నుండి నా మిత్రుడొకరు వచ్చినారు. తమిళ పండితుడు, పాతరాయి కనబడితే వంగి చూడక మానని మనిషి. ఆయనకు చార్మినారు చూపించి, లాడ్‌బజారులో వారి శ్రీమతికి గాజులు కొనిపించి, అతిథి మర్యాద తీరిందనుకొని పత్తర్‌గట్టి మీదుగా తిరిగి వస్తుండగా ఆయన ఒక ద్వారం ముందు ఆగి, "లోపల ఆ భవనమేమిటి?" అని అడిగినారు. ఆ ద్వారం ముందు నుండి నేను పాతికేళ్ళుగా నడుస్తున్నాను. నాకు తెలియదు. తెలియదని చెప్పటానికి నోరు రాక దగ్గుతూ ఉండగా, దగ్గరి దుకాణంలో కూర్చున్న మన కళాశాల ఉర్దూ మాధ్యమం విద్యార్థి ఒకడు నన్ను చూసి లేచి వచ్చి, సలాము చేసి, "బాద్‌షాహీ ఆషూర్‌ఖానా సార్. రండి, నేను చూపిస్తాను" అన్నాడు.

లోపలికి పోయినాము. ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు నిర్మించిన కొద్ది సంవత్సరాలకే మొహర్రం రోజులలో పీర్లను నిలపటానికి కట్టించిన మందిరమది. గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల మెరుగుపెంకులు పీరు ఆకారంలోనే అమర్చి ఉన్నవి. నాలుగు శతాబ్దాలు గడిచినా ఆ రంగు నిన్ననో మొన్ననో బట్టీలో నుండి తీసినట్లున్నది. క్రింది భాగంలో మాత్రం కొంతమేర పెంకులు లేవు, ఆ చోట రంగులతో పూరించినారు. ఎందువలన అని అడిగితే, "1908 మూసీ వరద సార్, నీళ్ళు అక్కడిదాకా వచ్చినవి" అని ఆ కుర్రవాడు తన భుజం ఎత్తున చేయి పెట్టి చూపినాడు. పుస్తకాలలో నేను నూరుసార్లు చదివిన వరద ఆనాడు మొదటిసారి నాకు కనిపించింది.

బయటికి వచ్చిన తరువాత అతడు నన్నొక ప్రశ్న అడిగినాడు. "సార్, మీ తెలుగు పుస్తకాలలో మా బాద్‌షాల మాట ఏమైనా ఉన్నదా?" నేను చెప్పినాను. ముహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా రాజ్యానికి రాకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడనీ, తెలుగు కవిత్వపు రుచి మరిగి గోలకొండకు వచ్చినాడనీ, మన కవులు ఆయన పేరును మల్కిభరాముడని తెలుగు చేసుకొన్నారనీ, అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చినాడనీ చెప్పినాను. ఆయన కొలువులోని అమీన్ ఖాన్ అనే సర్దారుకు పొన్నిగంటి తెలగనార్యుడు 'యయాతి చరిత్రము' అంకితమిచ్చినాడనీ, సంస్కృతపు మాట లేకుండా అచ్చ తెలుగులో వెలసిన తొలి కావ్యం ఒక ముసల్మాను ప్రభువు చేతిలో పెట్టబడినదనీ చెప్పినాను. ఆ అమీన్ ఖాన్ ఊరు పొట్లచెరువు, అంటే నేటి పటాన్‌చెరు, రోజూ మన విద్యార్థులు బస్సులో వచ్చే ఊరే. అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ మాట ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు సార్" అన్నాడు. ఆ స్వరంలో కొంచెం కోపం కూడా ఉన్నది. ఆ కోపం న్యాయమైనది.

అతనికి మల్కిభరాముడు తెలియదు. నాకు ఆషూర్‌ఖానా తెలియదు. ఒకే కళాశాల, ఒకే ఆవరణ, ఒకే ఫలహారశాలలో ఒకే చాయ్. సంవత్సరానికి ఒక సంచికలో సగం పుటలు కుడి నుండి ఎడమకు, సగం ఎడమ నుండి కుడికి అచ్చు వేసుకొని, మధ్యలో అట్ట ఒకటి పెట్టి కుట్టించినంత మాత్రాన మనం ఒకరినొకరు చదువుకొంటున్నామని చెప్పగలమా? ఈ పత్రికలో ఉర్దూ పుటలను తెరిచి చూసిన తెలుగు విద్యార్థి ఎంతమంది? నన్ను నేను కూడా మినహాయించుకోవటం లేదు.

ఇప్పుడు మన నగరంలో చూడదగినవి ఏమున్నవో కొంత వివరంగా చెప్పుకొందాము. చార్మినారు, సాలార్‌జంగు మ్యూజియం, జూపార్కు, బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్ ఇవన్నీ అందరూ చూసినవే, బంధువులు వచ్చినప్పుడల్లా చూపించేవే. వాటి గురించి నేను చెప్పబోను. నగరం చివర ప్లాస్టరుతో కట్టిన రాజభవనాల ముందు నిలబడి ఫోటోలు దిగి రావటానికి వందల రూపాయలు చెల్లించేవారితో నాకు పేచీ లేదు. రాతితో కట్టిన రాజభవనాలు ఇంటి ప్రక్కనే ఉన్న ఊరిలో అది కొంచెం చిత్రంగా మాత్రం తోస్తుంది.

నన్నడిగితే మొదటి యాత్ర మూసీ ఒడ్డున నడకే కావాలి. పురానాపుల్ వద్ద మొదలుపెట్టవలెను. 22 కమానుల ఆ వంతెనను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1578లో కట్టినారు. హైదరాబాదు నగరానికి పునాది పడింది 1591లో. అంటే ఊరికన్న వంతెన పదమూడేళ్ళు పెద్దది! గోలకొండ వైపు నుండి నది దాటి రావటానికి దారి ముందు ఏర్పడింది, ఆ దారి చేరిన చోట నగరం వెలసింది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియే ఈ వంతెనను చూసి పారిస్ నగరపు వంతెనతో పోల్చినాడు. నేడు దాని మీద కూరగాయల బేరం సాగుతున్నది. వంతెన బరువు మోయటానికే కట్టినది గనుక ఉల్లిగడ్డలు మోసినా తప్పు లేదని నేను అనుకొంటాను, కాని దాని వయస్సు తెలిసి మోయిస్తే బాగుండును.

1908 సెప్టెంబరు 28వ తేదీ నాటి వరదలో మూసీ మీది మూడు వంతెనలు దెబ్బతిని, ఈ ముసలి వంతెన ఒక్కటే రాకపోకలకు మిగిలింది. ఆనాడు వేలాది ప్రాణాలు పోయినవి. ఉర్దూలో రుబాయీలకు పేరెన్నికగన్న అమ్‌జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటిలోనే పోగొట్టుకొని తానొక్కడు మిగిలినాడు. ఆ దుఃఖం మీద ఆయన పద్యం వ్రాసినాడు. ఉర్దూ శాఖవారు దానిని చదివి మాకు అర్థం చెప్పవలెనని నా కోరిక. చెప్పవలసిన చోటు తరగతి గది కాదు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నీడ. ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ఆ రాత్రి బ్రతికినారు. చెట్టు ఇంకా బ్రతికే ఉన్నది. ఆనాటి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ళ తలుపులు నిరాశ్రయులకు తెరిపించినాడు. నదీమతల్లిని శాంతింపజేయటానికి ఆయన స్వయంగా పూజ చేసినాడని కూడా ఊరిలో చెప్పుకొంటారు. నిజమో కాదో గాని, ఊరు ఆ కథను నూరేళ్ళుగా చెప్పుకొంటున్నదనేది నిజం.

ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య పండితుడిని పిలిపించినారు. ఆయన సలహా మీద నదికి ఎగువన జలాశయాలు కట్టినారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు విడిచిపోలేడని పెద్దలంటారే, ఆ గండిపేట ఒక మహావిపత్తు నుండి పుట్టిన చెరువు. నది ఒడ్డున నేడు మనం చూసే హైకోర్టు, సిటీ కాలేజి, ఉస్మానియా ఆసుపత్రి కూడా ఆ వరద తరువాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దినప్పుడు వచ్చినవే. వాటి నమూనాలు గీసినవాడు విన్సెంట్ ఎష్. ఆ సిటీ కాలేజిలోనే మఖ్దూం మొహియుద్దీన్ ఒకప్పుడు ఉర్దూ చెప్పినాడు. పురానాపుల్ నుండి నయాపుల్ దాకా అరగంట నడక. ఆ అరగంటలో ఇంత ఉన్నది. టిక్కెట్టు లేదు, గైడు లేడు, హోటలు ఖర్చు లేదు. మూసీ కంపు మాత్రం ఉన్నది. ఆ కంపును కూడా చూడవలసిందే. రసాయన శాస్త్ర విభాగంవారు సీసాలో నీళ్ళు పట్టుకొని పోవచ్చును.

గోలకొండను అందరూ చూసినామంటారు. ఫతే దర్వాజా క్రింద చప్పట్లు కొట్టి, పైన బాలాహిస్సారులో వినబడిందని కేరింతలు వేసి, చల్లని సోడా తాగి దిగి వచ్చినవారు గోలకొండను విన్నారు, చూడలేదు. కాకతీయుల నాటి మట్టికోట ఏ విధంగా రాతికోట అయినదో, కొండ మీదికి మట్టిగొట్టాల ద్వారా అంచెలంచెలుగా నీళ్ళు ఎట్లా ఎక్కించినారో చూడవలెను. రామదాసు బందిఖానా చూడవలెను. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను ఖైదు చేయించినదీ తానాషాయే, అక్కన్న మాదన్నలను తన ప్రభుత్వానికి కళ్ళుగా పెట్టుకొన్నదీ తానాషాయే. ఈ రెండు విషయాలూ ఒకే మనిషిలో ఇముడుతవని తెలిసినప్పుడే చరిత్ర అనేది నాటకంలో మంచివాడు, చెడ్డవాడు అన్నంత సులభం కాదని తెలుస్తుంది. బాలాహిస్సారు దారిలో ఇబ్రహీం మసీదూ ఉన్నది, మహంకాళి గుడీ ఉన్నది. ఆషాఢంలో నగరంలోని బోనాలన్నింటికీ మొదటి బోనం ఈ కొండ మీదనే ఎత్తుతారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు సేనలకు కోట లొంగింది. తానాషా దౌలతాబాదులో బందీగా కన్నుమూసినాడు. అందుచేత కోటకు ఉత్తరాన ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల వనంలో ఆ వంశపు చివరి రాజు సమాధి లేదు. ఆ లేకపోవటాన్ని చూడటానికైనా అక్కడికి పోవలెను. 2013 నుండి పది సంవత్సరాలకు పైగా అక్కడ పెద్ద ఎత్తున జీర్ణోద్ధరణ జరిగింది. పదేళ్ళ క్రిందట చూసినవారు మళ్ళీ చూడవచ్చును. నల్లరాతి మీద చెక్కిన అక్షరాలను మన ఉర్దూ విద్యార్థులు కూడా మొదటి చూపులోనే చదవలేరు, ఆ లిపి అల్లికలు కఠినమైనవి. మా అరబ్బీ, ఫారసీ అధ్యాపకులు తోడు వస్తే అది ఒక పాఠమవుతుంది.

కోఠీ రెసిడెన్సీ గురించి ఒక మాట. కర్క్‌పాట్రిక్ అనే ఆంగ్లేయ ప్రతినిధి 1803 ప్రాంతంలో కట్టించటం ప్రారంభించిన ఆ భవనం 1949 నుండి ఆడపిల్లల కళాశాల. నేడది చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. ఈ రాజ్యం మీద పెత్తనం చెలాయించటానికి కట్టిన మెట్ల మీద కూర్చొని ఈనాడు మన ఊరి ఆడపిల్లలు నోట్సు వ్రాసుకొంటున్నారు. దీనికన్న మంచి వినియోగం నాకు తోచదు. 1857 జులై 17న ఇదే రెసిడెన్సీ మీదికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ అనుచరులతో దండెత్తినారు. మౌల్వీ అండమానులో చనిపోయినాడు. తుర్రేబాజ్ ఖానును తూప్రాను దగ్గర చంపి, శవాన్ని తెచ్చి ఊరిలో వ్రేలాడదీసినారు. "నువ్వేమన్నా తుర్రుంఖానువా?" అని మన వీధులలో ఎకసెక్కంగా అడిగే మాటలో ఉన్నది ఆ వీరుడి పేరేనని అంటారు. ఆయన స్మారకం కోఠీ బస్సుల రద్దీలో ఉన్నది. దాని నీడలో నిలబడి బస్సు కోసం ఎదురు చూసే మన విద్యార్థులలో ఎందరు దాని మీది అక్షరాలు చదివినారు?

ఇక మౌలాలి గుట్ట. మెట్లన్నీ ఎక్కి దర్గాకు పోయి వచ్చేవారు వేలమంది, గుట్ట క్రింద మాహ్‌లకా బాయి చందా సమాధి దగ్గర ఆగేవారు కొద్దిమంది. ఉర్దూలో దివాను కూర్చిన తొలి కవయిత్రులలో ఆమె ఒకరు. 1824లో చనిపోయింది. తన దివాను ప్రతిని 1799లో ఒక ఆంగ్లేయ అధికారికి ఇచ్చింది, అది నేడు లండనులో ఉన్నది. సమాధి మాత్రం మన బస్సు దారిలో ఉన్నది. మన విద్యార్థినులు అక్కడికి పోయి రావలెనని నాకు ప్రత్యేకమైన కోరిక. పిసల్‌బండ దగ్గరి పైగా ప్రభువుల సమాధుల మీది సున్నపు జాలీపని చూసి అల్లిక నేర్చిన ఆడపిల్ల ఎంత ఆనందిస్తుందో నేను చెప్పలేను.

నగరం వయస్సు నాలుగు వందల ఏళ్ళు అని మనమంటాము. కాని చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఒక గుండు మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనమొకటి ఉన్నది. విష్ణుకుండినుల కాలంనాటిది, అందులో గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం పేరు ఉన్నది. అంటే పదిహేను వందల ఏళ్ళ క్రిందట ఇక్కడ భిక్షువులు నడిచినారు. ఈ నేల ఎవరిది అనే వాదం వినబడినప్పుడల్లా నాకు ఆ గుండు జ్ఞాపకం వస్తుంది. భాగమతి కథలోనికి మాత్రం నేను పోను. ఆ తగవు తీర్చటానికి చరిత్రకారులున్నారు, వారికీ పని ఉండవలెను గదా!

దూరంగా పోదలచినవారికి భువనగిరి కోట, కొలనుపాక జైనాలయం, మెదకు చర్చి, బీదరు ఉన్నవి. ఇవన్నీ ఉదయం పోయి రాత్రికి ఇల్లు చేరగలిగినవే. వీటిని గురించి వేరుగా వ్రాయవలెను.

ఇందులో పట్టుదల ఎందుకని అడుగుతారు. ఎర్రమంజిల్ కథ చెబుతాను. ఎర్రనేల గుట్ట మీద నవాబు ఫఖ్రుల్‌ముల్కు ఒక మహలు కట్టుకొని దానికి 'ఇరం మంజిల్' అని పేరు పెట్టినాడు. ఇరం అంటే ఫారసీలో స్వర్గవనం. తెలుగువాని చెవికి అది ఎర్ర మంజిల్‌గా వినబడుతుంది, గుట్ట రంగుకూ సరిపోతుంది. రెండు భాషలనూ ఒకే మాటలో కూర్చోబెట్టిన ఆ పేరులో మన కళాశాల ఉన్నది. 2019లో ఆ భవనాన్ని కూల్చి క్రొత్త శాసనసభ కట్టవలెనని ప్రభుత్వం నిర్ణయించింది. కొందరు పౌరులు న్యాయస్థానానికి పోయినారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. పోరాడినవారు ఆ భవనాన్ని ఎరిగినవారు. ఎరగనివారు మెట్రో స్టేషను పేరుగానే దానిని చదువుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం 2020 జులైలో వాననీరు వార్డులలోకి వచ్చిన తరువాత మూతబడింది. దానికి ఏమి జరగాలో రేపు ఓటు వేసే మన పిల్లలు చెప్పవలసి ఉన్నది. చూడనిదాని గురించి వారేమి చెప్పగలరు?

నా మాటకు వచ్చే ఆక్షేపణలు నేనెరుగుదును. సిటీ బస్సులో పోయేది యాత్ర ఎట్లా అవుతుందని ఒకటి. రాత్రి బసలు, రైలులో పాటలు, తెల్లవారుజామున చాయ్, ఇవి లేనిదే స్నేహం ముదరదని మరొకటి. ఈ రెండవ మాటలో నిజమున్నది, నేను కాదనను. కాని రైలులో పాడిన ఆ పాటలలో రుసుము చెల్లించలేనివాని గొంతు లేదు. ఆడపిల్లలలో సగం మంది గొంతు లేదు. రాత్రి బస అంటే వారి ఇండ్లలో అనుమతి దొరకదు. పగలు పోయి పగలే తిరిగి వచ్చే యాత్రకు ఏ తల్లీ అడ్డుచెప్పదు. భద్రత గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. 2014 జూన్ 8న మన నగరం నుండి హిమాచల్ ప్రదేశ్‌కు విహారయాత్రకు పోయిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలో ఒక్కసారిగా పెరిగిన నీటికి కొట్టుకొనిపోయినారు. ఎగువ ఆనకట్ట నుండి నీళ్ళు వదిలినారని వారికి తెలియదు. తెలియని నది ఒడ్డున పిల్లలను దింపేటప్పుడు ఆ రోజును అధ్యాపకులమైన మేము మరువరాదు.

మూడవ ఆక్షేపణ నా సహోద్యోగులది: పరీక్షలకు పాఠాలు పూర్తి కావటమే కష్టమైతే ఈ తిరుగుళ్ళకు తీరిక ఏది? నేను అడిగేది సంవత్సరానికి నాలుగు ఉదయాలు. శుక్రవారాలు పనికిరావు. ఆనాడు జుమా నమాజు. పైగా సాలార్‌జంగు మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెసుకు, కుతుబ్‌షాహీ సమాధులకు కూడా శుక్రవారమే సెలవు. ఆదివారాలు జనసమ్మర్దం. కనుక నెలలో ఏదో ఒక శనివారం మొదటి మూడు పీరియడ్లు ఇచ్చినట్లయితే చాలును.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. ఇరవై మందిని ఒక జట్టుగా చేయవలెను, అందులో పదిమంది ఉర్దూవారు, పదిమంది తెలుగువారు. ఇద్దరిద్దరిని జతపరచవలెను. ఉర్దూ విద్యార్థి చూసినదానిని తెలుగులో, తెలుగు విద్యార్థి చూసినదానిని ఉర్దూలో వ్రాయవలెను. రానిచోట ప్రక్కవాని సహాయం పొందవలెను. తప్పులుంటే ఉండనివ్వండి. ఆ వ్యాసాలలో మంచివానిని వచ్చే సంవత్సరం ఈ పత్రికలోనే, తెలుగువాని ఉర్దూను ఉర్దూ పుటలలో, ఉర్దూవాని తెలుగును తెలుగు పుటలలో అచ్చు వేయవలెను. దూరయాత్రకు కళాశాల ఇచ్చే సహాయంలో నుండి బస్సు చార్జీలకు, మ్యూజియం టిక్కెట్లకు, మధ్యాహ్నం ఇరానీ హోటలులో తలకొక ఉస్మానియా బిస్కెట్టుకు సరిపడా సొమ్ము కేటాయిస్తే ఏ విద్యార్థి ఇంటా పెళ్ళి జరగవలసిన పని ఉండదు. గోడల మీద పేర్లు చెక్కే అలవాటున్నవారిని మాత్రం తీసుకొనిపోకుండా వదలివేయవలెనని నా గట్టి అభిప్రాయం. పిల్లల మీద ఇంత దయ చూపే నేను ఈ ఒక్క విషయంలో నిర్దయుడను.

మొదటి యాత్రకు నేను సిద్ధంగా ఉన్నాను. అనుమతి వచ్చిన నెలలో మూడవ శనివారం ఉదయం ఏడు గంటలకు పురానాపుల్ దర్వాజా దగ్గర కలుసుకొందాము. నీళ్ళ సీసా, ఒక నోటుపుస్తకం, ఎండకు టోపీ తెచ్చుకొనవలెను. ఆషూర్‌ఖానా చూపించిన ఆ విద్యార్థి పట్టా పుచ్చుకొని పత్తర్‌గట్టిలో తండ్రి దుకాణంలోనే ఉన్నాడు. అతడిని కూడా పిలిచినాను. వస్తానన్నాడు, యయాతి చరిత్రము ప్రతి ఒకటి తెచ్చి చూపించమన్నాడు.